మన పింగాణీ రంగుల సంఘం: ఈ ఏడాది కార్యదర్శి నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో మొత్తం చదివే టైమ్ దొరకదు కాబట్టి ముందే గ్రూపులో పెడుతున్నాను, చదివి రండి.

ముందుగా ప్రదర్శన. సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ చూసి వచ్చాక పుట్టిన ఆలోచన అది. జర్మనీలోని మైసెన్ పింగాణీ కర్మాగారం 1710లో మొదలైనా, 1720లో హెరోల్ట్ అనే చిత్రకారుడు అక్కడికి వచ్చాకే రంగుల వరస అంతగా పెరిగింది. మనం చేసే పని కూడా అదే కోవకు చెందింది: ఒకసారి కాల్చి మెరుపెక్కిన గ్లేజు (పింగాణీ మీది గాజు లాంటి పూత) మీద లోహ ఆక్సైడ్ల రంగు వేసి, మళ్ళీ 800 డిగ్రీల దగ్గర కాలిస్తే అది గ్లేజుకి అతుక్కుపోతుంది. ప్రదర్శనలో పిల్లలకు తలో తెల్ల కప్పు ఇచ్చి గీయమన్నాం, కాల్చి ఇళ్లకు పంపాం. తల్లిదండ్రులు ఇప్పటికీ ఫోన్ చేసి మళ్ళీ ఎప్పుడు పెడతారని అడుగుతున్నారంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.

అందరూ ఆగి చూసింది మాత్రం ద్రవ బంగారంతో చుక్కల ముగ్గు వేసిన టీ సెట్టు. ఆ బంగారం కుంచెకి ఎక్కినప్పుడు బెల్లం పాకంలా ముదురుగా, జిగటగా ఉంటుంది, మెరుపు అసలే కనపడదు. కాలేటప్పుడు నూనెలు పోయి బంగారం ఒక్కటే మిగులుతుంది. వేలు తగిలి మరక పడితే కాల్చాక అక్కడ ఊదా రంగు మచ్చ తేలుతుంది, ఆ సెట్టులో అలాంటిది ఒక్కటీ లేదు. వేసినావిడ చెయ్యి అంత శుభ్రం.

ఎనామిల్ పళ్ళాల క్లాసు కూడా బాగా జరిగింది. అమ్మమ్మల కాలం నాటి పళ్ళాలు బయటికి తీసి తెచ్చారు, చాలా సంతోషం. కానీ పెచ్చులూడి ఇనుము బయటపడ్డవి తేవద్దు, తుప్పు పొరలుగా లేచి పక్కవాళ్ళ రంగు మీద పడుతుంది. ఇంకో మాట, గట్టిగానే చెబుతున్నాను: తినే పాత్రల లోపలి వైపు, పెదవి తగిలే అంచు మీద రంగు వెయ్యొద్దు. కొన్ని రంగుల్లో సీసం, కాడ్మియం ఉంటాయి, చింతపండు పులుసు, నిమ్మకాయ లాంటి పుల్లటివి తగిలితే అవి ఆహారంలోకి దిగే ప్రమాదముంది. బంగారం గీతలున్నవి మైక్రోవేవ్‌లో పెట్టకండి.

ఇక కిల్న్ (రంగులు కాల్చే కరెంటు కొలిమి) డ్యూటీ సంగతి. రంగులు వెయ్యడానికి హాలు నిండిపోతుంది, కాల్చే రోజు మాత్రం పేరు రాసుకున్నవాళ్ళు కూడా రారు. 500 డిగ్రీల దాకా మూత సందు తెరిచి ఉంచితేనే నూనెల పొగ బయటికి పోతుంది, తర్వాత మూసెయ్యాలి, లేకపోతే బంగారం మసకబారుతుంది. అంటే ఒక మనిషి పక్కనే ఉండాలి కదా! మర్నాడు పూర్తిగా చల్లారక ముందే మూత తీసే తొందర కూడా వద్దు, పింగాణీ చిట్లుతుంది. ఈ పనంతా ప్రతిసారీ అదే ముగ్గురు మోశారు, వాళ్ళకు సంఘం రుణపడి ఉంది.

కిల్న్ కోసం పెట్టిన త్రీ ఫేజ్ కరెంటు కనెక్షన్ దరఖాస్తు ఇంకా కదల్లేదు. వెళ్ళినప్పుడల్లా సంతకం పెట్టే ఆయన సెలవులో ఉంటారు. కాలుస్తుండగా కరెంటు పోతే ఆ టెన్షన్ ఏంటో అక్కడున్నవాళ్ళకే తెలుస్తుంది.

లెక్కలు కోశాధికారి గారి కాగితంలో ఉన్నాయి, ఆడిట్ అయిపోయింది, సందేహాలుంటే ఆయన్నే అడగండి.

ధన్యవాదాలు చాలామందికి చెప్పాలి. హాలు ఇచ్చిన కాలనీ పెద్దలకు, తెల్ల కప్పులు కొన్న ధరకే ఇచ్చిన షాపాయనకు, కిల్న్ మూత రిపేరు చేసి కూలి తీసుకోని మెకానిక్ అన్నకు, లవంగ నూనె కలిపితే రంగు త్వరగా ఆరిపోదని ఓపికగా నేర్పిన మేడమ్ గారికి, ప్రదర్శన రెండు రోజులూ టీలు, పులిహోర అందించిన సభ్యుల కుటుంబాలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

సమావేశంలో నేను పెట్టే తీర్మానం ఒక్కటే: కిల్న్ డ్యూటీ చెయ్యనివాళ్ళ వస్తువులు తర్వాతిసారి కాల్చేటప్పుడు పెట్టం. అభ్యంతరాలుంటే వచ్చి చెప్పండి, గ్రూపులో కాదు.

మీ కార్యదర్శి