ఫైరింజన్‌కి దారి: ఫ్లాట్ల వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. రాత్రి వెనక వీధి బిల్డింగ్‌లో కరెంటు మీటర్ల బోర్డు అంటుకున్న సంగతి తెలిసిందే. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఫైరింజన్ సందు మొదట్లోనే ఆగిపోయింది. అడ్డంగా ఒక కారు, పక్కన హ్యాండిల్ లాక్ వేసిన నాలుగు బైకులు. కుర్రాళ్లు బైకులు ఎత్తి పక్కన పెట్టారు. కారాయన తాళం వెతుక్కుని కిందికి దిగేలోపు ఫైర్ వాళ్లు పైపు భుజాన వేసుకుని నడిచే వెళ్లారు.

వేదాయపాళెంలో మన సందూ అంతే కదా. ఈ రోజు నుంచి గేటు ఎదురుగా బండి పెట్టొద్దు. చుట్టాలదైనా సరే.

ఇంకోటి. ఫైరింజన్‌లో మామూలుగా 4,500 లీటర్ల నీళ్లే ఉంటాయి. పెద్ద పైపు తెరిస్తే నిమిషాల్లో ఖాళీ. తర్వాత మన సంపే దిక్కు. దాని మూత మీద తులసి కోటతో సహా ఆరు కుండీలున్నాయి, దయచేసి తీసేయండి అక్కయ్యలూ.

కరెంటు మంట మీద నీళ్లు పోయకూడదు. మెయిన్ ఆపి, మంటలార్పే ఎర్ర సిలిండర్ పౌడర్ కొట్టాలి. పొద్దున చూశాను, మన రెండు సిలిండర్లలో ఒకదాని ప్రెజర్ ముల్లు పచ్చ గీత దాటి ఎరుపులోకి పడిపోయింది. రెండోది పిల్లల సైకిళ్ల వెనకుంది. మొదటిదాన్ని రీఫిల్‌కి పంపిస్తున్నా, ఖర్చు మెయింటెనెన్స్‌లో రాస్తాను.

మంట కనిపిస్తే లిఫ్ట్ ఎక్కొద్దు. ముందు 101కి కొట్టండి, గ్రూపులో వీడియో తర్వాత పెట్టొచ్చు.