కల్లుప్పులో అయోడిన్ సంగతి ఎవరు చూస్తారు?

సంపాదకుడు గారికి,

ఆవకాయ రోజులు వచ్చాయంటే విశాఖ వీధుల్లో కల్లుప్పు బళ్లు తిరుగుతాయి. రైతు బజార్ల బయట సంచులు విప్పి డబ్బాతో కొలిచి పోస్తుంటారు. పచ్చడికి రెండు మూడు కిలోలు చాలే ఇంట్లో కూడా చవకని చెప్పి పది కిలోలు కొంటారు. మిగిలినదంతా జాడీలోకి చేరి ఏడాది పొడవునా పప్పులో, పులుసులో పడుతుంది. ఈ ఉత్తరం ఆ మిగిలిన ఉప్పు గురించి, హోటళ్ల వంటగదుల్లో వాడుతున్న అలాంటి ఉప్పు గురించి.

2018–19లో జరిగిన భారత అయోడిన్ సర్వే ప్రకారం దేశంలో 76.3 శాతం ఇళ్లలో తగినంత అయోడిన్ ఉన్న ఉప్పు వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 63.9 శాతమే. మనకన్నా వెనకబడింది తమిళనాడు (61.9). రెండూ ఉప్పు పండించే తీర రాష్ట్రాలే కావడం కాకతాళీయం కాదు. ఉప్పు మడి దగ్గరయ్యేకొద్దీ విడి ఉప్పు చవకగా దొరుకుతుంది, ప్యాకెట్ అవసరం కనబడదు.

‘సముద్రం ఒడ్డునే ఉన్నాం, మనకు అయోడిన్ లోటేమిటి?’ అని చదువుకున్నవాళ్లే అడుగుతుంటారు. లెక్క వేసి చూద్దాం. లీటరు సముద్రపు నీటిలో ఉండే అయోడిన్ సుమారు 60 మైక్రోగ్రాములు, లవణాలు 35 గ్రాములు. ఆ అయోడిన్ అంతా ఉప్పుతోపాటు మిగిలిందనుకున్నా గ్రాముకు రెండు మైక్రోగ్రాములు రావు. నిజానికి అంత కూడా మిగలదు. మడిలో ఉప్పు గడ్డకట్టేటప్పుడు అయోడిన్‌లో ఎక్కువ భాగం అడుగున మిగిలే చేదు నీటిలోనే ఉండిపోతుంది, ఆ నీటిని బయటికి వదిలేస్తారు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. భీమిలి మడి ఉప్పయినా, నౌపడా ఉప్పయినా, అయోడిన్ కలపకపోతే ఆ 150 కోసం రోజుకు 75 గ్రాములకు పైగా తినాలి!

చేపల మాటకొస్తే, సముద్రపు చేపలో, రొయ్యలో అయోడిన్ ఉన్నమాట నిజం. కానీ ఫిషింగ్ హార్బర్ పక్కనున్న ఇళ్లలో కూడా వంజరం రోజూ ఉడకదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ బజారులో కనబడేవి ఎక్కువగా చెరువుల్లో పెంచిన బొచ్చెలు, రాగండ్లు. వాటిలో అయోడిన్ బాగా తక్కువ. శాకాహారుల ఇళ్లలో ఆ ఆసరా కూడా లేదు. పాలు, పెరుగు, గుడ్డు కొంతవరకు ఆదుకుంటాయి, అంతే.

అయోడిన్ లోటు అనగానే గొంతు దగ్గర గాయిటర్ వాపు గుర్తొస్తుంది. అది పైకి కనబడేది మాత్రమే. అసలు నష్టం కడుపులో బిడ్డ మెదడుకు. గర్భం దాల్చిన తొలి మూడు నెలల్లో బిడ్డకు సొంత థైరాయిడ్ హార్మోన్ ఉండదు, తల్లిదే ఆధారం. ఆ హార్మోన్ తయారయ్యేది అయోడిన్‌తోనే. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంగన్‌వాడీలో పేరు రాయించుకుని, ఆశా కార్యకర్త ఇంటికి వచ్చేసరికే రెండో నెలో మూడో నెలో గడిచిపోతుంది. కాబట్టి గర్భిణికి ప్రత్యేకంగా చెప్పి ఉప్పు మార్పించే పథకం ఎప్పుడూ ఆలస్యమే. పెళ్లీడు అమ్మాయి ఉన్న ప్రతి ఇంట్లో అప్పటికే సరైన ఉప్పు ఉండాలి.

ఉప్పు తగ్గించమని గుండె డాక్టర్లు చెబుతున్నారు, సరైన మాటే. రోజుకు 5 గ్రాముల లోపు తినాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. 30 పీపీఎం (అంటే కిలో ఉప్పులో 30 మిల్లీగ్రాములు) అయోడిన్ ఉన్న ఉప్పు 5 గ్రాములు తింటే 150 మైక్రోగ్రాములు. వంటలో ఐదో వంతు పోయిందనుకున్నా 120 మిగులుతాయి, మిగతాది పాలూ చేపా భర్తీ చేస్తాయి. అదే 15 పీపీఎం ఉప్పయితే మిగిలేది 60. అయోడిన్ లేని ఉప్పయితే దాదాపు సున్నా. ఉప్పు తగ్గించేవాళ్లకే మంచి ఉప్పు మరింత అవసరమన్నమాట. బీపీ ఉందని సైంధవ లవణానికో, గులాబీ రంగు హిమాలయ ఉప్పుకో మారినవాళ్లు నగరంలో చాలామంది ఉన్నారు. సోడియం తగ్గదు గానీ అయోడిన్ మాత్రం పోతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు కూడా అయోడిన్ ఉప్పు మానక్కర్లేదు. రేడియో అయోడిన్ చికిత్సకు ముందు డాక్టరు కొద్దిరోజులు ఆపమంటే అది వేరు సంగతి.

చట్టం లేదా అంటే ఉంది. నేరుగా తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ కలిపి తీరాలి, చిల్లర దుకాణానికి చేరేసరికి కనీసం 15 పీపీఎం మిగలాలి. అయోడిన్ కలపని ఉప్పు అమ్మకంపై 1998లో వచ్చిన నిషేధాన్ని 2000లో ఎత్తేశారు, 2006 మే 17 నుంచి మళ్లీ తెచ్చారు. 2011 ఆహార భద్రత నిబంధనల్లోనూ అదే ఉంది. పశువులకు, పరిశ్రమలకు, మందుల తయారీకి, నిల్వ పదార్థాలకు మాత్రం మినహాయింపు. అదీ లేబుల్ ఉంటేనే. మన వీధుల్లో ఉప్పు బళ్లు ఈ ‘నిల్వ’ అనే మాట చాటునే నడుస్తున్నాయి. లేబులే లేని సంచిలోది పచ్చడికో, పప్పుకో, గేదెల కుడితికో ఎవరు తేల్చాలి?

కల్లుప్పు మానేయమని అనడం లేదు. అయోడిన్ కలిపిన కల్లుప్పు ప్యాకెట్లలో దొరుకుతోంది. అయితే కల్లుప్పుకు అయోడిన్ పట్టించడంలో కొన్ని చిక్కులున్నాయి. మన దేశంలో వాడేది పొటాషియం అయోడేట్. టన్ను ఉప్పుకు 30 పీపీఎం రావాలంటే 50 గ్రాములు చాలు. కిలోకు అయ్యే ఖర్చు పైసల్లోనే. దాన్ని నీటిలో కరిగించి, కదిలే బెల్టు మీద ఉప్పుపై సమంగా చల్లాలి. చిన్న మడుల దగ్గర కుప్ప మీద చేత్తో చల్లితే ఒక సంచిలో 50, పక్క సంచిలో 5 వస్తాయి. పలుకు పెద్దది కావడంతో అయోడేట్ పైపొరకే అంటుకుంటుంది. ఉప్పు సరిగా ఆరకుండా సంచికెక్కితే చెమ్మతోపాటు అది కిందికి జారుతుంది. పై ఉప్పులో ఏమీ ఉండదు, అడుగున మోతాదుకు మించి ఉంటుంది. ఇక గోనె సంచి అయితే విశాఖ గాలిలోని తేమకు అందులోని అయోడిన్ నెలల్లోనే పోతుంది. లోపల పాలిథీన్ పొర ఉన్న సంచే వాడాలి.

ఇంట్లో చేసే పొరపాటు మరొకటుంది. కల్లుప్పులో ఇసుక ఉంటుందని కడిగి ఎండబెడతారు. అయోడిన్ ఉండేదే పైపొరలో కాబట్టి ఆ కడుగుతోనే పోతుంది. ఇసుక ఉన్న ఉప్పు కొనకపోవడమే మార్గం. మూత గట్టిగా పట్టే సీసాలోనో పింగాణీ జాడీలోనో పోసి, పొయ్యికి దూరంగా పెట్టాలి. తడి చెంచా ముంచకూడదు. మట్టి కుండ చెమ్మ పీలుస్తుంది, వద్దు. కూర దించే ముందు ఉప్పు వేస్తే నష్టం తగ్గుతుంది. మజ్జిగలో కలిపితే నష్టమే లేదు.

అయోడిన్ ఉప్పు వేస్తే ఆవకాయ నల్లబడుతుందని, బూజు పడుతుందని ఒక గట్టి నమ్మకం. కిలోలో 30 మిల్లీగ్రాముల పదార్థానికి అంత శక్తి లేదు. బూజుకు కారణం తడి, తక్కువ ఉప్పు, ముక్క మునగని నూనె. ప్యాకెట్ ఉప్పుతో పచ్చడి చెడటానికి అసలు కారణం కొలత. గిన్నెడు మెత్తటి ఉప్పు, గిన్నెడు దంచిన కల్లుప్పు కన్నా బరువు ఎక్కువ. పాత గిన్నె లెక్కతో వేస్తే పచ్చడి ఉప్పగా అవుతుంది, నింద అయోడిన్ మీద పడుతుంది. తూకం వేసి కలిపితే సరి.

పరీక్ష సులభమే. ఆశా కార్యకర్తలకు ఇచ్చే కిట్‌లో రెండు ద్రావణాలుంటాయి. చెంచాడు ఉప్పును చదును చేసి పరీక్ష ద్రావణం రెండు చుక్కలు వేస్తే, అయోడిన్ ఉంటే నిమిషంలో నీలం తిరుగుతుంది. రంగు రాకపోతే లేదని వెంటనే రాసేయకూడదు. క్షార గుణం ఉన్న ఉప్పు రంగును అడ్డుకుంటుంది. కొత్తగా కొంత ఉప్పు తీసుకుని, ముందు రెండో ద్రావణం ఐదు చుక్కల దాకా, తర్వాత అదే చోట పరీక్ష ద్రావణం వేయాలి. తొందరలో వదిలేసేది ఈ రెండో మెట్టునే. ఈ కిట్ ఉందా లేదా అన్నది చెబుతుంది, ఎంత ఉందన్నది నమ్మకంగా చెప్పలేదు. అందుకు టైట్రేషన్ కావాలి: 10 గ్రాముల ఉప్పును 50 మి.లీ. నీటిలో కరిగించి, సల్ఫ్యూరిక్ ఆమ్లం, పొటాషియం అయోడైడ్ కలిపి, పది నిమిషాలు చీకట్లో ఉంచి, 0.005 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో కొలవాలి. చివర్లో గంజి ద్రావణం వేసి నీలం రంగు పోయేదాకా చూడాలి. బ్యూరెట్ రీడింగును 10.58తో గుణిస్తే పీపీఎం వస్తుంది. ఏ డిగ్రీ కళాశాల కెమిస్ట్రీ ల్యాబులోనైనా జరిగే పని ఇది.

పై సర్వే అంకెలు ఇళ్లలోని ఉప్పువి. విశాఖలో ఎంతమంది రోజూ ఇంట్లో తింటున్నారు? పొద్దున టిఫిన్ బండి, మధ్యాహ్నం మెస్, సాయంత్రం కర్రీ పాయింటు. మధురవాడ, గాజువాక హాస్టళ్లలో ఉండే అమ్మాయిలకు మూడు పూటలా బయటి ఉప్పే. వీటిలో చాలాచోట్ల వంట మూలన కనబడేది పేరులేని కల్లుప్పు సంచి. ఆహార భద్రత అధికారులు నూనె రంగు చూస్తారు, మాంసం వాసన చూస్తారు. ఉప్పు సంచి మీద లేబుల్ చూడటం కూడా అదే తనిఖీలో రెండు నిమిషాల పని.

ఏజెన్సీ పరిస్థితి వేరు. కొండవాలు మట్టిలో అయోడిన్ వానలకు కొట్టుకుపోతుంది, పంటలోనూ ఉండదు. అక్కడ ఉప్పే ఆధారం. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన నగరంలోనే ఉంది. తన డిపోలకు పంపే ఉప్పును కొనేటప్పుడు ఒకసారి, వానాకాలం తర్వాత డిపోలో మరోసారి టైట్రేషన్ చేయించాలి. సంతల్లో విడి ఉప్పు అమ్మేవాళ్లకు అదే ధరకు అయోడిన్ కల్లుప్పు అందేలా చూస్తే సగం సమస్య తీరుతుంది. కేసులు పెడితే వాళ్లు సంత మారతారు, ఉప్పు మారదు.

జీవీఎంసీకి (మహా విశాఖ నగరపాలక సంస్థకు), జిల్లా ఆహార భద్రత విభాగానికి ఒక విన్నపం. వచ్చే ఆవకాయ సీజనుకు ముందే రైతు బజార్ల ఆవరణలో, వాటి గేట్ల దగ్గర లేబుల్ లేని ఉప్పు అమ్మకం ఆపించండి. అక్కడే అయోడిన్ కల్లుప్పు సంచులను టోకు ధరకు పెట్టించండి. హోటళ్లు, హాస్టళ్లు, కర్రీ పాయింట్ల నుంచి నెలనెలా కొన్ని నమూనాలు తీసి, వచ్చిన పీపీఎం అంకెను వార్డు సచివాలయం నోటీసు బోర్డు మీద పెట్టండి.

ఇట్లు,
పోషకాహార విషయాలు తెలిసిన ఒక పాఠకుడు,
విశాఖపట్నం