అంకెలు వేసి చూపితే నిరూపణ కాదు

సంపాదకులకు నమస్కారం.

కాశీబుగ్గలో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మొన్న మా ట్యూషన్‌కొచ్చే అమ్మాయి కాలేజీ టెస్టు పేపరు చూపించింది. రెండు పూర్ణ సంఖ్యల తేడాను 7 నిశ్శేషంగా భాగిస్తే వాటికి సంబంధం ఉన్నట్టు, అది తుల్యతా సంబంధమని నిరూపించాలి. అంటే మూడు గుణాలు చూపాలి: ప్రతి సంఖ్యకూ తనతో తనకు సంబంధం ఉండాలి (పరావర్తనం), ఎకి బితో ఉంటే బికి ఎతో ఉండాలి (సౌష్ఠవం), ఎకి బితో, బికి సితో ఉంటే ఎకి సితో ఉండాలి (సంక్రమణం). సంక్రమణం దగ్గర 15, 8, 1 తీసుకుంది. 15–8 ఏడు, 8–1 ఏడు, 15–1 పద్నాలుగు, కనుక నిరూపితం అని రాసేసింది. ఫుల్ మార్కులు! నా మనసు చివుక్కుమంది.

‘తేడా 2కి మించకూడదు’ అనే సంబంధం ఇచ్చి, దీన్నీ చూడమన్నాను. 1, 2, 3 తీసుకుని ‘ఇదీ తుల్యతా సంబంధమే టీచర్’ అంది. 1, 3, 5 వేయమన్నాను. 1కి 3తో కుదిరింది, 3కి 5తో కుదిరింది, 1కి 5తో కుదరలేదు. పిల్ల పెన్ను పక్కన పెట్టేసింది.

మా అమ్మ పలాసలో జీడిపప్పు గ్రేడింగుకు వెళ్లేది. పక్కపక్కన పెట్టిన రెండు పప్పులకు తేడా కనబడదు. అలా ఒకదాని పక్కన ఒకటి ఇరవై పేర్చితే, మొదటిది పెద్దది, చివరిది చిన్నది. ‘ఇంచుమించు ఒకే సైజు’ సంక్రమణం కాదు. ‘ఒకే గ్రేడు’ మాత్రం అవుతుంది. 240 గ్రేడు కుప్పలో పడ్డ పప్పు 320 గ్రేడు కుప్పలో ఉండదు, ప్రతి పప్పూ ఏదో ఒక్క కుప్పలోనే ఉంటుంది. తుల్యతా తరగతులంటే అవే. ఇది చెప్పాక ఆ అమ్మాయి ముఖం వెలిగింది.

అసలు నిరూపణకు ఏ అంకే వేయనక్కర్లేదు. ఎ–బి అంటే 7కె, బి–సి అంటే 7ఎం అనుకుందాం (కె, ఎం ఏవో పూర్ణ సంఖ్యలు). రెండూ కూడితే మధ్యలో బి ఎగిరిపోతుంది. మిగిలేది ఎ–సి, దాని విలువ 7(కె+ఎం). ఏ మూడు సంఖ్యలకైనా ఇదే వరస. పరావర్తనం, సౌష్ఠవం పిల్లలు ఎలాగూ రాసేస్తారు, తడబడేది ఇక్కడే.

పేపర్లు దిద్దే లెక్చరర్లకు నా మనవి: అంకెలతో సరిపెట్టిన జవాబుకు దయచేసి పూర్తి మార్కులు వేయకండి. మీ చదువు పేజీలో మోడల్ పేపర్ వేసేటప్పుడు కూడా ‘ఇదేవిధంగా సంక్రమణం’ అని వదిలేయకుండా ఆ కూడిక అచ్చు వేయండి. రెండు లైన్ల చోటు చాలు.

– ఒక ట్యూషన్ టీచర్, కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా