నాలుగు డాలర్ల గునుగు

సియాటెల్
అక్టోబర్ 5

అమ్మా,

రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటాం గదా, మళ్లీ ఈ ఉత్తరమేంది అంటావు. ఫోన్‌లో నువ్వు "తిన్నవా" అంటావు, నేను "గోలీలు వేసుకున్నవా" అంటాను. బాపు మాట వచ్చేసరికి ఇద్దరం వేరే ముచ్చట ఎత్తుకుంటాం. అందుకే రాస్తున్నాను. తమ్ముడితో చదివించుకో.

జనవరిలో నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. పిట్టకు పెట్టే రోజుకు చేరాను. కాకి ఎంతకూ ముట్టకపోతే నువ్వు "నీ బిడ్డ వచ్చింది, చూసినవ్ గదా, ఇగ తిను" అన్నావు. అప్పుడు ముట్టింది. నాకు ఆ రోజూ ఏడుపు రాలేదు, ఇక్కడికి తిరిగొచ్చాకా రాలేదు. ఆఫీసుకు పోయాను, మీటింగుల్లో నవ్వాను కూడా. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా గంటసేపు అట్లనే కూర్చునేదాన్ని.

ఏప్రిల్‌లో తోటకు పోవడం మొదలుపెట్టాను. ఇక్కడ పికార్డో అని ఒక తోట ఉంది. ఆ ఇంటిపేరువాళ్లు ఒకప్పుడు కూరగాయలు పండించిన నేల. 1973 నుంచి సిటీవాళ్లు దాన్ని మడులు చేసి జనానికి ఇస్తున్నారు. ఊరంతా ఇప్పుడు ఇలాంటివి చాలా ఉన్నాయి, అన్నిటినీ పీ-ప్యాచ్ అంటారు. ఆ 'పీ' పికార్డోదే. ఎప్పుడో లిస్టులో పేరు రాయించి మరిచిపోయాను, సరిగ్గా ఈ ఏడాదే మడి వచ్చింది. వద్దని మెయిల్ రాయబోయి ఆగాను.

పక్క మడిలో ఒక పెద్దావిడ. భర్త పోయాడట. బాపు సంగతి చెబితే అయ్యో అనలేదు. సంచిలోంచి చిలగడదుంపల్లాంటి డాలియా గడ్డలు మూడు తీసి ఇచ్చింది. నేల వెచ్చబడ్డాక పెట్టు, పూలు కోయడానికి జాలిపడకు, కోసినకొద్దీ పూస్తుంది అంది. తర్వాత ఎవరి కలుపు వాళ్లం తీసుకున్నాం. మొదట అదోలా అనిపించింది గానీ, తర్వాత అదే నచ్చింది. మన దగ్గర వచ్చిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పాలి. ఎన్నింటికి నొప్పి లేచింది, ఎవరు తీసుకుపోయారు... అన్ని రోజులు నువ్వెట్ల చెప్పావో.

ఆ గడ్డల కోసమే ఎరువు కొనడానికి షాపుకు పోతే, విత్తనాల ప్యాకెట్ మీద గునుగు బొమ్మ! సెలోషియా అని పేరు పెట్టి నాలుగు డాలర్లకు అమ్ముతున్నారు. చెల్కలో కలుపని బాపు పీకి గట్టున పారేస్తుంటే, బతుకమ్మకు కావాలని మనం కొట్లాడేవాళ్లం. "దీన్ని పైసలు పెట్టి కొన్నవా!" అని బాపు అన్నట్టే వినిపించింది. అక్కడే, ఎరువు బస్తాల మధ్య, మొదటిసారి ఏడ్చాను. బిల్లు కొట్టే పిల్ల గాభరాపడి మంచినీళ్లు తెచ్చింది.

మొక్కలు జానెడు దాటలేదనుకో. ఇక్కడి ఎండ వాటికేం సరిపోతుంది!

పెత్రమాస నాడు అన్నం ముద్ద, చింతకాయ తొక్కు తీసుకుని తోటకు పోయాను. ఏడాది తిరగకముందే పెట్టొచ్చో లేదో తెలియదు. నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు. అన్నం కింద పడేస్తే ఎలుకలు వస్తాయని, ఆకులో పెట్టుకుని పక్కనే కూర్చున్నాను. పొద్దుగూకితే ఇక్కడ కాకులు గుంపులు గుంపులుగా బోథెల్ వైపు నిద్రకు పోతాయి, వేలల్లో. ఒక్కటీ దిగలేదు. పెద్దావిడ ఏంటని అడిగితే చెప్పాను. ఆమె కూడా చేతి తొడుగులు తీసేసి నా పక్కన కూర్చుంది. చీకటి పడ్డాక ముద్ద ఇంటికి తెచ్చి నేనే తిన్నాను. తప్పేమో.

ఈ ఏడు మనకు బతుకమ్మ లేదు గదా, ఆడలేదు. డాలియాలన్నీ కోసి మనవాళ్లకు ఇచ్చాను, నా బక్క గునుగు కూడా. పైవరుసలో పెట్టారు. నేను దూరంగా నిలబడితే వరంగల్ అక్క ఒకామె ఆట ఆపి వచ్చి, సద్దుల డబ్బా నా చేతిలో పెట్టి పోయింది.

సంవత్సరీకానికి టికెట్ తీసుకున్నాను, వారం ముందే వస్తున్నాను. ఈసారి చెల్కలో గునుగు పీకించకు. ఎండిపోయినా సరే, ఉండనీ.

నీ బిడ్డ