తాత భర్మారు రెండు ముక్కలై వచ్చింది

సంపాదకుల గారికి,

తెలంగాణ సాయుధ పోరాట కాలం నాటి వస్తువులు ఇళ్లలో ఉంటే తెచ్చివ్వండి, భద్రపరుస్తామని అధికారులు కోరినట్టు పోయిన వారం మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. చదివిన రోజే రాయాలనుకుని కోపం తగ్గాక రాద్దామని ఆగాను. నాలుగు రోజులైనా తగ్గలేదు. మా తాత భర్మారు తుపాకి ఇప్పుడు మా ఇంట్లో రెండు ముక్కలుగా ఉంది. దాన్ని అలా చేసింది నిజాం కాలంలో ఊళ్ల మీద పడ్డ రజాకార్లు కాదు, పార్సిల్ సర్వీసువాళ్లు.

భర్మారు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. మూతి వైపు నుంచి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, సీసం రవ్వలు వేసి, ఇనుప కడ్డీతో దట్టించి పేల్చే తుపాకి. ఒకసారి పేల్చాక మళ్లీ ఇదంతా చేయాలి. మా ఊరు జనగామ వైపు. 1948లో రాత్రిళ్లు బురుజు మీద కాపలా ఉన్నవాళ్లలో మా తాత ఒకడు. తను పేల్చి వెనక్కి కూర్చుని మందు దట్టించుకునేలోపు వడిసెల పట్టినవాళ్లు ముందుకొచ్చి రాళ్లు విసిరేవాళ్లని చెప్పేవాడు. రజాకార్లను ఎదిరించిన బైరాన్‌పల్లి బురుజు కథ అందరికీ తెలుసు. అలాంటి బురుజులు ఇంకా ఎన్నో ఊళ్లలో ఉండేవి, వాటి కథలు రాసినవాళ్లే లేరు.

ఆ తుపాకి మా అన్న దగ్గర నిర్మల్‌లో ఉండేది. గొట్టం మూతి, నిప్పు రంధ్రం రెండూ వెల్డింగ్‌తో ఎప్పుడో మూసేశారు. మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధాలకు 1959 ఆయుధాల చట్టం వర్తించదని ఆ చట్టం 45వ సెక్షన్‌లోనే ఉంది. అయినా ఎవరూ వేలెత్తి చూపకూడదని పోలీస్ స్టేషన్ నుంచి కాగితం కూడా తీసుకున్నాం. సెప్టెంబర్ 17న మా ఊరి బడి పిల్లలకు చూపించి, తర్వాత మ్యూజియంకు ఇద్దామని, దాన్ని పంపమని అన్న కొడుక్కి చెప్పాను. వాడు బొంతలో చుట్టి, రెండు పక్కలా వెదురు బద్దలు కట్టి, గోనెసంచిలో కుట్టి, ఒక ప్రైవేటు పార్సిల్ ఆఫీసులో ఇచ్చాడు.

అసలు గొడవ ఆ కౌంటర్ దగ్గరే మొదలైంది. స్టేషన్ కాగితం చూసి గుమస్తా భయపడ్డాడు. తుపాకి అని రాస్తే దారిలో ఆపుతారు, ఇనుప సామాను అని రాస్తానన్నాడు. విలువ ఎంత రాయాలని అడిగితే, ఎక్కువ రాస్తే చార్జీ పెరుగుతుంది, 500 రాసేయ్ బాబూ అన్నాడు. పాతికేళ్ల పిల్లవాడు, సరే అన్నాడు. కిరాయి 380 రూపాయలు కట్టాడు. ఇనుప సామాను అని రాసి ఉంటే ఎక్కించేవాళ్లు ఇనుపసామానులాగే పడేస్తారు. కరీంనగర్‌లో బండి మార్చారట. అక్కడ దాని మీద మోటారు సామాన్ల పెట్టెలు పేర్చినట్టున్నారు.

పాత తుపాకి ఎక్కడ విరుగుతుందో కర్రపని తెలిసినవాళ్లు చెప్తారు. ఒకవైపు బరువైన ఇనుప గొట్టం, ఇంకోవైపు లావుపాటి కర్ర మడమ, మధ్యలో చెయ్యి పట్టుకునే సన్నటి మెడ. ఏ బరువు పడినా ఆ మెడ మీదే పడుతుంది. గొట్టాన్ని విడదీసి వేరుగా కట్టి, మెడ కింద మెత్త పెట్టి, చెక్కపెట్టెలో కదలకుండా బిగించి పంపాలట. ఈ సంగతి మాకు విరిగాక తెలిసింది. మా తప్పు అంతవరకు ఒప్పుకుంటాను.

కానీ హనుమకొండ ఆఫీసులో జరిగింది మా తప్పు కాదు. సరుకు మంచిగా ముట్టింది అన్న కాగితం మీద ముందు సంతకం పెట్టించుకుని ఆ తర్వాతే మూట చేతికిచ్చారు. గోనెసంచి ఒక పక్క చినిగి ఉంది. అక్కడే విప్పాను. మెడ దగ్గర అడ్డంగా విరిగి, పేళ్లు లేచిపోయి ఉంది. రాలిన పేళ్ల కోసం నేల మీద వెతుకుతుంటే, పొద్దున ఆ సంచి కింద చెత్తేదో పడితే ఊడ్చేశామని అక్కడి కుర్రవాడు చెప్పాడు. ఆ చెత్త మా తాత తుపాకి కర్ర. అవి ఉంటే అతికించినా గీత కనపడదని వడ్రంగి అన్నాడు, ఇప్పుడు కొత్త కర్ర పొదగాలట.

మేనేజర్‌ను అడిగితే, పాత కట్టెకు ఇంత లొల్లి ఎందుకు పెద్దాయనా, కిరాయి వాపసు ఇస్తా తీసుకో అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ని. ఆ మాటకు నాకు కన్నీళ్లొచ్చాయి.

తర్వాత తెలిసినవాళ్లను అడిగి చట్టం చదివాను. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం సరుకు దారిలో పాడైతే బాధ్యత రవాణా చేసినవాడిదే. విలువ ఎక్కువ రాసి, ఎక్కువ చార్జీ కట్టకపోతే మాత్రం కిరాయికి పది రెట్ల వరకే ఇస్తారు, అదీ మనం రాసిన విలువ దాటకుండా. అంటే మాకు 3,800 కూడా రావు, గుమస్తా రాయించిన ఆ 500 దగ్గరే ఆగిపోతాం. బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే కోర్టుకు వెళ్లే దారి కూడా ఉండదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది, చిన్న కేసులకు ఫీజు కూడా లేదు. నోటీసు ఇచ్చాను, కమిషన్‌కు కూడా వెళ్తాను. ఇవన్నీ కౌంటర్ పక్కన తెలుగులో నాలుగు వాక్యాలు రాసి పెట్టించడానికి రవాణా శాఖకు ఎంత ఖర్చవుతుంది? రసీదు వెనక కంటికి ఆనని ఇంగ్లిష్ అక్షరాలు తప్ప ఎక్కడా ఏమీ లేదు. పల్లెల నుంచి మూటలు మోసుకొచ్చే జనం ఆ ఇంగ్లిష్ చదివి సంతకం పెడతారని అధికారులు నిజంగా నమ్ముతున్నారా?

ఇక వస్తువులు తెమ్మని అడిగినవాళ్ల సంగతి. తెచ్చివ్వండి అన్నారు. ఎవరు తేవాలి, ఎలా కట్టాలి, పాత ఆయుధమైతే ఎవరి కాగితం కావాలి, దారిలో పాడైతే ఎవరు బాగు చేస్తారు, ఒక్క ముక్క చెప్పలేదు. కార్యాలయానికి ఫోన్ చేస్తే మా సెక్షన్ కాదన్నారు. ఇంకో నంబరు ఇచ్చారు, అది మోగుతూనే ఉంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి, మళ్లీ నిలబెట్టి, 2024 మార్చిలో తెరిచేసరికి ఒక తరం పిల్లలు పెద్దవాళ్లయ్యారు. అది రాయి, అన్నేళ్లు ఓర్చుకుంది. మా ఇళ్లలోని కర్ర, గుడ్డ, కాగితం అన్నేళ్లు ఓర్చుకోవు. చెదలు ఆగవు. ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పటికే తొంభై దాటారు, ఏ వస్తువు ఎవరిదో చెప్పగలిగినవాళ్లు వాళ్లే.

జిల్లాకు ఒక మనిషి, ఒక బండి పెట్టమనండి. ఇంటికొచ్చి, వస్తువును ఫొటో తీసి, దాని కథ రాసుకుని, రసీదు ఇచ్చి జాగ్రత్తగా తీసుకెళ్లమనండి. ఇంతకంటే ఎక్కువ అడగడం లేదు. మా తుపాకిని ఇవ్వడానికి ఇప్పటికీ సిద్ధమే. ముందు ఆ మెడ అతికించే పని తెలిసినవాళ్లు ఎక్కడున్నారో అధికారులను అడిగి మీ పేజీలో వేయండి. ఎంత దూరమైనా ఒళ్లో పెట్టుకుని నేనే తీసుకెళ్తాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ