మూలన చక్రాల కుర్చీ బొమ్మ పెడితే సరిపోదండీ

రెండు తెలుగు రాష్ట్రాల ఐటీ మంత్రి గార్లకు నమస్కారం.

నాకు చూపు లేదు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్లు తెర మీదున్నది చదివి వినిపిస్తుంటే నా పనులు నేనే చేసుకుంటాను. మొన్న ఒక ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టబోయాను. ఏ గడి దగ్గరికి వెళ్లినా "ఎడిట్, బ్లాంక్" అనే వినిపిస్తోంది. అక్కడ రాయాల్సింది పేరో, పుట్టిన తేదీయో తెలిసేదెలా? తంటాలు పడి నింపాక క్యాప్చా వచ్చింది. బొమ్మలో అక్షరాలు చూసి కొట్టాలట. చేసేది లేక పక్కింటి కుర్రాణ్ని పిలిచి, ఆధార్ నంబరూ ఓటీపీ కూడా అతని చేతిలో పెట్టాను. పేజీ మూలన చక్రాల కుర్చీ బొమ్మ ఉందని, నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయని అతనే చెప్పాడు. చూపు తగ్గినవారికి అది పనికొస్తుంది, కాదనను. నాకు మాత్రం ఎంత పెద్దవైతే ఏం లాభం?

తెలుగులో ఇంకో బాధ ఉంది. ఉత్తర్వును ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఎక్కిస్తారు. మీకది తెలుగు, స్క్రీన్ రీడర్‌కు ఉత్త ఫొటో. అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైలైతే మరీ ఘోరం. పైకి కనిపించేది తెలుగే, లోపలున్నవి వేరే అక్షరాల కోడ్‌లు. చదవమంటే ఏదో గొణుగుతుంది. తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లున్న యూనికోడ్‌లో టైప్ చేయిస్తే ఈ గొడవ చాలా వరకు పోతుంది. పీడీఎఫ్‌లో మన ఒత్తులు ఒక్కోసారి చెదిరిపోతాయి కాబట్టి, అదే పాఠాన్ని వెబ్ పేజీలో కూడా పెడితే ఇంకా మేలు. సంతకానికి డిజిటల్ సంతకం ఉండనే ఉంది.

ప్రమాణాలు లేవా అంటే ఉన్నాయి. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు, జీఐజీడబ్ల్యూ 3.0, 2023లో వచ్చాయి. వికలాంగులు కూడా వాడగలిగేలా వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.1లో డబుల్ ఏ స్థాయి (మూడింటిలో మధ్యది) అందుకోవాలని అవి చెబుతున్నాయి. గడికి పేరు, బొమ్మకు వివరణ, మౌస్ లేకుండా కీబోర్డుతో పని జరగడం, వీడియోకు క్యాప్షన్లు, మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో కనీసం 4.5:1 నిష్పత్తి తేడా, ఇవన్నీ అందులోవే. 2024 నవంబరు 8న వికలాంగుల సౌకర్యాల గురించిన రాజీవ్ రతూరి కేసులో, ఇలాంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతే చాలదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్ వేసిన కేసులో డిజిటల్ సేవలు అందుకోవడాన్ని జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం కిందికి తెచ్చింది. అలాంటి మనిషిని కేవైసీ కోసం, అంటే బ్యాంకులాంటి చోట్ల గుర్తింపు నిరూపించుకోవడానికి, కనురెప్ప ఆర్పి చూపించమంటే ఆమె ఏం చేస్తుంది?

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. వెబ్‌సైట్ కట్టిన కంపెనీకి చివరి బిల్లు ఇచ్చే ముందు చూపు లేనివారితో, చేతులు సరిగా ఆడనివారితో, వినపడనివారితో దాన్ని వాడించి చూడండి. ఊరికే కాదు, వాళ్లకు కూలి ఇచ్చి. అంతకన్నా ముందు, ఒకసారి మీ ఆఫీసులో మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ మీటతోనే మీ శాఖ దరఖాస్తు ఒకటి నింపి చూడండి.

నా దరఖాస్తును వచ్చే ఏడాది మళ్లీ రెన్యువల్ చేయించుకోవాలి. అప్పటికి ఆ గడులకు పేర్లైనా పెట్టించండి.

ఇట్లు,
చూపు లేని ఒక టీచరు