ప్రోటాన్ యంత్రాల చెత్త లెక్క కూడా బయటపెట్టాలి

సంపాదకుడు గారికి,

అణు రియాక్టర్ల చెత్తను ప్రోటాన్ల సాయంతో వదిలించుకోవచ్చంటూ మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. ప్రోటాన్లతో సీసం లాంటి లోహాన్ని కొట్టి, అందులోంచి వచ్చే న్యూట్రాన్లతో ఆ చెత్తను చీల్చడం ఈ పద్ధతి. ఈ పరిశోధన ముందుకు సాగాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఒకడిని. కానీ ఆ కథనం సగమే చెప్పింది. ప్రోటాన్ పుంజం తగిలే లోహంలో కొత్తగా పుట్టే రేడియోధార్మిక పదార్థాల ఊసే అందులో లేదు.

రియాక్టర్‌లో యురేనియం-235ను చీల్చేది నెమ్మదిగా కదిలే న్యూట్రాన్. ముక్కలు ఎక్కువగా ద్రవ్యరాశి సంఖ్య (కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) 95 చుట్టూ ఒక గుట్టగా, 140 చుట్టూ మరో గుట్టగా వస్తాయి. ఏది ఎంత వస్తుందో దశాబ్దాలుగా కొలిచి పెట్టుకున్నాం. అధిక శక్తి ప్రోటాన్ సంగతి వేరు. వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో దూసుకొచ్చే ప్రోటాన్ పరమాణు కేంద్రకం లోపలున్న కణాలను ఒక్కొక్కటిగా ఢీకొడుతూ కొన్నింటిని బయటకు తన్నేస్తుంది. 1947లో అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ సెర్బర్ ఇచ్చిన ఈ వివరణే నేటి లెక్కలకూ పునాది. మిగిలిన కేంద్రకం విపరీతంగా వేడెక్కి, మరిగే నీళ్ల నుంచి ఆవిరి లేచినట్లు న్యూట్రాన్లను వదులుతూ చల్లారుతుంది. ఆ దారిలో ఎక్కడైనా రెండుగా చీలిపోవచ్చు. అందుకే రియాక్టర్‌లో చీలని సీసం, బిస్మత్, బంగారం కూడా ఇక్కడ చీలతాయి. ముక్కలూ రెండు గుట్టలుగా రావు, మధ్యలో ఒకే వెడల్పాటి గుట్టగా వస్తాయి. సీసంలో ఇలా చీలేవి సుమారు పదో వంతే. మిగతావి చీలకుండానే పాదరసం, బంగారం, ప్లాటినం లాంటి మూలకాల ఐసోటోపులుగా (ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య తేడా ఉన్న రకాలుగా) మారిపోతాయి, వాటిలో చాలావరకు రేడియోధార్మికమైనవే.

వీటి జాబితా తయారు చేయడం ఆషామాషీ పని కాదు. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో శాస్త్రవేత్తలు ప్రయోగాన్నే తిరగేశారు. సీసం కేంద్రకాలను వేగంగా పంపి, కదలకుండా ఉన్న ద్రవ హైడ్రోజన్‌ను ఢీకొట్టించారు. అప్పుడు ముక్కలన్నీ ముందుకే ఎగిరాయి, వేటికవి గుర్తుపట్టే వీలు చిక్కింది. వందల రకాల ఐసోటోపుల లెక్క అలా తేలింది. కంప్యూటర్ నమూనాలు తప్పో ఒప్పో చెప్పగలిగేది ఇలాంటి కొలతలే.

లాభం లేదని నేను అనడం లేదు. మందపాటి సీసంలో అలాంటి ఒక్క ప్రోటాన్ ఇరవైకి పైగా న్యూట్రాన్లను పుట్టిస్తుంది. వాటితో రియాక్టర్ చెత్తలో ఉండే, 24,000 ఏళ్ల అర్ధాయువున్న (అంటే సగం క్షీణించడానికి అంతకాలం పట్టే) ప్లుటోనియం-239ను, 432 ఏళ్ల అమెరీషియం-241ను చీల్చవచ్చు. పుంజం ఆపగానే గొలుసు చర్య ఆగిపోతుంది కాబట్టి భద్రత పరంగా ఇది పెద్ద సుగుణం. బెల్జియంలోని మోల్‌లో 60 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లతో నడిపేందుకు తలపెట్టిన మిర్హా ప్రాజెక్టు ఉద్దేశాల్లో ఇలా చెత్తను చీల్చడం ఒకటి. ప్రోటాన్లు తగిలేది అక్కడ కరిగిన సీసం-బిస్మత్ మిశ్రమం.

ఆ బిస్మత్ న్యూట్రాన్‌ను పీల్చుకుంటే, 138 రోజుల అర్ధాయువున్న పొలోనియం-210 పుడుతుంది. నేరుగా ప్రోటాన్ తగిలితే వందేళ్లకు పైగా అర్ధాయువున్న పొలోనియం-209 వస్తుంది. సీసం నుంచి పుట్టే పాదరసం-194 అర్ధాయువు కొన్ని శతాబ్దాలు. పైగా పాదరసం వేడికి ఆవిరై లోహంలోంచి బయటపడే రకం. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థ 2006లో మెగాపై పేరుతో, ప్రోటాన్లు తగిలే లక్ష్యంగా కరిగిన సీసం-బిస్మత్ టార్గెట్‌ను నడిపింది. ఆపేశాక కొన్నేళ్లు ఆగి, దాన్ని ముక్కలుగా కోసి, గడ్డకట్టిన లోహం నుంచి నమూనాలు తీసి, ఏ ఐసోటోపు ఎక్కడ ఎంత చేరిందో కొలిచారు. నాకు ఎంతో గౌరవం కలిగించిన పని ఇది.

అందుకే ఇలాంటి యంత్రానికి అనుమతి ఇచ్చే ప్రతి దేశంలోనూ, వాడేసిన టార్గెట్‌లో ఏ ఐసోటోపు ఎంత ఉంటుందన్న అంచనాను నిర్మాణానికి ముందే ప్రజల ముందు పెట్టాలి. నడిపాక కొలిచిన లెక్కనూ దాని పక్కనే ప్రచురించాలి. ఆ కొలతలకు అయ్యే ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే కేటాయించాలి. డబ్బు చాలనప్పుడు ముందు కోత పడేది సాధారణంగా ఇలాంటి పనికే. ఇకపై మీ విలేకరులు ఇలాంటి ప్రాజెక్టుల గురించి రాసేటప్పుడు, ఎంత చెత్త తగ్గుతుందని అడగడంతో ఆపకుండా, టార్గెట్‌ను ఎన్నాళ్లకు మారుస్తారు, మార్చినదాన్ని ఎక్కడ, ఎవరి పూచీతో దాస్తారు అని కూడా అడగాలని నా మనవి.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు